అంకెల మీటలు మొరాయిస్తే

కీబోర్డులో కుడిపక్క ఉండే మీటలు నొక్కితే అంకెలు పడటం లేదా? కొత్తది కొనేముందు ఆ గుంపులోనే పైన ఉండే నమ్ లాక్ మీట ఒకసారి నొక్కండి. చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది.

అసలు ఈ మీట ఎందుకు? 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డుకు 83 మీటలే. అంకెలనూ బాణం గుర్తులనూ ఒకే మీటల మీద సర్దారు. ఏది పనిచేయాలో తేల్చేది నమ్ లాక్. తర్వాత బాణాలకు వేరే మీటలు వచ్చాయి గానీ, పాత ఏర్పాటు మాత్రం పోలేదు.

అంకె నొక్కితే తెరమీద మౌస్ బాణం కదులుతోందా? విండోస్‌లో మౌస్ కీస్ ఆన్ అయిందన్నమాట. మౌస్ పట్టుకోలేనివారికి అది మంచి సదుపాయమే. మీకు అక్కర్లేకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆపేయండి.

కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో తిరకాసు వేరు. జె కొడితే 1, కె కొడితే 2 పడుతుంది! అక్కడ నమ్ లాక్‌ను ఆపాలి.

పై వరస అంకెలూ పడకపోతే నమ్ లాక్‌ను తిట్టి లాభంలేదు. కీబోర్డును వేరే కంప్యూటర్‌కు తగిలించి చూడండి. అక్కడా అంతే అయితే లోపం కీబోర్డుదే. టీ ఏమైనా ఒలికిందేమో ఇంట్లో అడగండి.