కాన్పుతో పేరు కొట్టేయకండి



నేను ముప్పై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న డాక్టరును. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి నాలుగు కిలోలు దాటిన మగబిడ్డను చేతుల్లోకి తీసుకున్నాను. "బాలభీముడమ్మా!" అని నాయనమ్మ మురిసిపోయి వార్డంతా లడ్డూలు పంచింది. నేనూ తిన్నాను. గంట తిరక్కుండానే బిడ్డ చేతులు సన్నగా వణకడం మొదలైంది. మడమ మీద గుచ్చి చూసిన సిస్టర్ నన్ను కేకేసింది. బిడ్డ షుగరు పడిపోయింది.

ఎందుకు పడిపోయిందో, ఇవాళ నర్సింగ్ పట్టా అందుకుంటున్న మీరు చదువుకున్నారు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఆమె ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడుతున్న ఆ చక్కెరను సర్దుకోవడానికి కడుపులోని బిడ్డ తన ఇన్సులిన్ తనే ఎక్కువగా తయారుచేసుకుంటుంది, ఒంట్లో కొవ్వు చేరుతుంది. బొడ్డు కోయగానే చక్కెర ఆగింది, ఇన్సులిన్ ఆగలేదు.

ఆ బిడ్డ తేరుకున్నాడు. డిశ్చార్జి కాగితం మీద "తల్లీబిడ్డా క్షేమం" అని నేనే రాశాను. ఆరేళ్ల తర్వాత ఆమె మళ్లీ కడుపుతో వచ్చింది. మొదటి పరీక్షలోనే షుగరు బాగా ఎక్కువ. ఎప్పటినుంచి ఉందో ఎవరికీ తెలియదు. ఆ ఆరేళ్లలో ఆమె రక్తం ఎవరూ చూడలేదు, చూడాలని నేనూ చెప్పలేదు. పక్కన నిలబడ్డ బాలభీముడు వయసుకు మించిన లావున్నాడు. నేను రాసిన ఆ మాట అప్పటినుంచి నన్ను వెంటాడుతూనే ఉంది.

గర్భంలో షుగరు వచ్చి తగ్గిన తల్లికి తర్వాత టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు మామూలు తల్లికన్నా కనీసం ఏడు రెట్లని 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. మరి బిడ్డ సంగతి? "తల్లికుంది కాబట్టి బిడ్డకూ వస్తుంది, అది వంశం" అంటారు. ఈ మాటను పరీక్షకు పెట్టినవాళ్లున్నారు. అమెరికాలో అరిజోనాలోని పీమా తెగవారిలో షుగరు చాలా ఎక్కువ. 2000లో డానా డబెలియా బృందం అక్కడి అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనూ పోల్చి చూసింది. ఒకే తల్లి, ఒకే తండ్రి. కొందరు తల్లికి షుగరు రాకముందు పుట్టారు, కొందరు వచ్చాక పుట్టారు. వచ్చాక పుట్టినవారికి మధుమేహం వచ్చే అవకాశం 3.7 రెట్లు. తండ్రికి షుగరు రాకముందు, వచ్చాక అని చూస్తే అలాంటి తేడా కనబడలేదు. అంటే వంశం ఒక్కటే కాదు, ఆ తొమ్మిది నెలలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఆ నెలలు ఒంటిలో ఎక్కడ నిలిచిపోతాయి? బళ్లో నేర్చుకున్న అక్షరాలు గుర్తుచేసుకోండి. 'న' నోరు తెరిచి పలుకుతుంది. పొల్లు పెడితే 'న్' అయి ఆగిపోతుంది. అక్షరం అదే, పలుకు మారింది. డీఎన్‌ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు కూర్చున్నప్పుడు జరిగేది ఇంచుమించు ఇదే. జన్యువు రాత మారదు, చాలాసార్లు దాని గొంతు తగ్గుతుంది. రాత మారకుండా పలుకు మారడాన్ని చదివే శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఆకలిని అదుపుచేసే లెప్టిన్ జన్యువు మీది గుర్తులు, తల్లి చక్కెరను బట్టి మాయలో తేడాగా ఉన్నాయని కెనడా పరిశోధకులు 2010లో చూపించారు.

ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండాలి. ఈ తేడాలు చిన్నవి. బొడ్డుతాడు రక్తం చూసి ఈ బిడ్డకు రేపు షుగరు వస్తుందని చెప్పగల పరీక్ష లేదు, ఎవరైనా అలాంటిది అమ్మజూపితే నమ్మకండి. పైగా ఈ పొల్లు చెరగని రాత కాదనే ఆశ ఉంది. బ్రిటన్‌లో లావుగా ఉన్న గర్భిణులకు తిండిలో, నడకలో తోడుగా నిలిచి చేసిన అధ్యయనంలో, తల్లి షుగరుతో ముడిపడి బిడ్డల డీఎన్‌ఏలో కనిపించే తేడాలు తగ్గినట్టు 2020లో వెల్లడైంది. మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చాందక్ బృందం బీ12 విటమిన్‌కూ ఈ గుర్తులకూ ఉన్న సంబంధం మీద పనిచేసింది.

ఇంత చెప్పి ఆ తల్లిని దోషిని చేస్తే నా ప్రసంగం దండగ. "నువ్వు తీపి తిన్నావు కాబట్టే" అని అత్తగారు అంటుంది, మనమూ అంటాం. కడుపు చలవని పుట్టింటివాళ్లు ప్రేమగా చలిమిడి పెడితే ఏ పిల్ల కాదంటుంది? ఆ నెలల్లో మాయ వదిలే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. తట్టుకునేంత ఇన్సులిన్ కొందరి ఒంట్లో తయారుకాదు. అది తప్పు కాదు. చలిమిడి చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది పంచిపెట్టమనండి, చాలు.

పరీక్ష మీ చేతిలో ఉంది. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తంలో షుగరు చూడటం. 140 గాని అంతకు మించి గాని ఉంటే గర్భంలో షుగరున్నట్టే. తిన్నా తినకపోయినా చేయవచ్చన్న పద్ధతి కోసం చెన్నైలో డాక్టర్ శేషయ్య ఏళ్ల తరబడి పట్టుబట్టారు. తెల్లవారుజామునే ఆటోలో వచ్చే గర్భిణిని పరగడుపున రాలేదని తిప్పి పంపితే మళ్లీ రాదని ఆయనకు తెలుసు. మొదటిసారి వచ్చినప్పుడు చేయండి. బాగానే ఉంటే 24–28 వారాల మధ్య మళ్లీ చేయండి.

కాన్పయ్యాక ఆరో వారంలో ఆ తల్లి ఎలాగూ మీ దగ్గరికే వస్తుంది, బిడ్డకు పెంటావాలెంట్ టీకా వేయించడానికి. ఆశా కార్యకర్తతో ముందురోజే కబురు పెట్టించి, ఆరోజు మాత్రం పరగడుపున రమ్మనండి. రాగానే ముందు ఆమె రక్తం తీసి, గ్లూకోజు నీళ్లు ఇవ్వండి. ఆ తర్వాత బిడ్డకు సూది వేయండి. ఏడ్చే బిడ్డకు పాలిస్తూ ఆ రెండు గంటలూ ఫ్యాను కింద కూర్చుంటుంది. వచ్చిన అంకెను బిడ్డ టీకాలు రాసే కార్డులోనే, పక్కన, ఆమె పేరుతో రాయండి.