ఆగిన బండి ఏమి చెప్పుచున్నది?

(ఇబ్రహీంపట్నములో పరిసర గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)

 

ఎల్లప్పుడును పథకములను గూర్చి మాటలాడు మేము నేడొక పాత కారును గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని అర్ధరాత్రి ఎవరికైనను ప్రాణము మీదికి వచ్చినప్పుడు మన పల్లెలలో మొదట తలుపు తట్టునది కారుగల యింటినే గదా! అంబాసిడరు, మారుతి 800 కార్ల ఉత్పత్తి 2014లోనే నిలిచిపోయినది. అయినను ఆ బండ్లు మన యూళ్లలో ఇంకను తిరుగుచునే యున్నవి.

గత వేసవిలో మా కార్యాలయపు పాత పెట్రోలు కారులో కేతనకొండ నుండి విజయవాడకు వచ్చుచుంటిమి. నొప్పులు పడుచున్న ఒక ఆడపడుచును, ఆమె తల్లిని వెంట ఎక్కించుకొంటిమి. మూలపాడు దాటినంతనే, దీపము ఆర్పినట్లు, ఇంజను ఒక్కసారిగా ఆగిపోయినది. మిట్టమధ్యాహ్నము. ప్రక్కనుండి బూడిద లారీలు దూసుకొని పోవుచున్నవి. తాళము త్రిప్పిన ఇంజను గిరగిర తిరుగుచున్నది గాని స్టార్టు కాదు. 108కు ఫోను చేసితిమి. ఆ వాహనము వచ్చి వారిని ఆసుపత్రికి చేర్చినది. తల్లియు బిడ్డయు క్షేమము. కాని ఆ వాహనము వచ్చువరకు ఆ పెద్దామె మా వంక చూచిన చూపును మేము మరువలేదు.

ఇందులో మా తప్పును దాచుట ధర్మము గాదు. వారము ముందు ఇదే బండి ఇట్లే ఆగగా, బ్యాటరీ పోయినదని ఎవరో చెప్పిరి. విచారింపకయే క్రొత్తది కొంటిమి. సెల్ఫు చురుకుగా తిరుగుచుండగా బ్యాటరీ నెట్లు నిందింతుము? అంతమాత్రము మాకు తోచలేదు!

ఆ సాయంకాలము బండిని త్రాడు కట్టి లాగించి, రింగు సెంటరు దగ్గర ఒక ముసలి మేస్త్రీకి చూపితిమి. ఆయన పానా పట్టలేదు. “ఎట్లా ఆగిందండీ? ఒక్కసారిగానా, కుంటుకుంటూనా?” అని అడిగెను. తరువాత తాళము త్రిప్పెను. చల్లబడిన బండి చప్పున స్టార్టయినది! మేము తెల్లబోతిమి. ఆయన నవ్వి, అరగంట నడువనిచ్చెను. వేడెక్కగానే మరల ఆగినది. వెంటనే ఒక ప్లగ్గు విప్పి, తీగ తగిలించి, దాని లోహపు భాగమును ఇంజనుకు ఆనించి సెల్ఫు కొట్టించెను. నిప్పురవ్వ లేదు. కాయిలుపై తడిగుడ్డ వేసి, చల్లారిన పిమ్మట మరల చూడగా నీలిరవ్వ కనబడెను. కాయిలు లోపలి తీగచుట్టు వేడికి చెడుచు, చల్లారిన కుదురుకొనుచున్నదని తేలినది. కాయిలు మార్చిన తరువాత ఆ బాధ తీరినది. (ప్లగ్గు పరీక్ష తెలియనివారు చేయరాదు, ఆ తీగలో వేల వోల్టుల విద్యుత్తు ఉండును. సమీపమున పెట్రోలు తడి ఉండరాదు.)

కనుక ఆగిన తీరును గుర్తుంచుకొనుడు. ఒక్కసారిగా ఆగిన బండిలో దోషము తరచు విద్యుత్తు భాగమున నుండును: కాయిలు, ప్లాటినము పాయింట్లు, కండెన్సరు, వదులైన తీగ. కుదుపుచు, దగ్గుచు, బలము తగ్గి ఆగిన యెడల పెట్రోలు అందుట లేదని అనుమానింపవలెను. అప్పుడు ట్యాంకు మూత తీసి చూడుడు. గాలి లోనికి పీల్చుకొను చప్పుడు వచ్చి, పిమ్మట బండి నడచినచో, మూతలోని సన్నని రంధ్రము మూసికొనిపోయినదన్న మాట. పైసా ఖర్చు లేని మరమ్మతు! మండుటెండలో పెట్రోలు గొట్టములోనే ఆవిరియై అడ్డుపడుటయు కలదు; పంపుపై తడిగుడ్డ వేసి కొంతసేపు ఆగవలెను. 2025 నాటికి దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట వ్యాప్తిలోనికి వచ్చినది. పాత బండ్ల రబ్బరు గొట్టములు దానికి తగినవి కాకపోవచ్చును. మెత్తబడినవి, బీటలు వారినవి ముందే మార్పించుకొనుట మేలు. కారుచున్న గొట్టము బండినే గాక మనుష్యులను గూడ కాల్చగలదు.

తాళము త్రిప్పినప్పుడు టక్కుమని శబ్దము వచ్చి దీపములు మసకబారినచో, అప్పుడు బ్యాటరీని, దాని కొసల చిలుమును చూడుడు. క్రొత్త తరహా ఇంజెక్షను బండ్లకు మాత్రము కంప్యూటరు పరీక్ష అవసరము. అది మన చేతిలోని పని కాదు.

మరియొక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగునగరములో బండ్లు మునిగినవి. నీట మునిగిన బండిని ఎంత తొందరయున్నను స్టార్టు చేయరాదు. సిలిండరులోనికి చేరిన నీరు అణగదు. లోపలి కడ్డీలు వంగిపోవును. ప్లగ్గులు విప్పి, నీరు తీయించి, నూనె మార్పించిన పిదపనే తాళము ముట్టవలెను.

రహదారిపై ఆగినచో ముందు బండిని అంచునకు నెట్టి, మనుష్యులను దింపి, దూరముగా నిలుపుడు. ఇంజను వేడిగా నుండగా రేడియేటరు మూత తీయవలదు. 108తో పాటు జాతీయ రహదారుల సహాయ సంఖ్య 1033ను, మీ యూరి కార్ల యజమానుల సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు.

మేము చెప్పిన ఆ కారు ఈ ఆవరణలోనే యున్నది. బానెట్టు ఎత్తి, కాయిలు ఏదియో, పంపు ఏదియో చూపెదము. అందరును ఒక్కసారి బయటికి దయచేయుడు.