దారిని గుర్తించు యంత్రనేత్రము



తోలువాడు కునుకు తీసినను ఎడ్లు బండిని ఇల్లు చేర్చుట పల్లె పెద్దలెల్లరు ఎఱిగిన విషయమే. ఎద్దునకు దారి తెలియును; మోటారునకు తెలియదు. దానికిని దారి తెలియజేయుటకు శాస్త్రజ్ఞులు పూనుకొనిరి.

కెమేరాయే యంత్రమునకు కన్ను. కాని యంత్రమునకు చిత్రమనగా లక్షలకొలది చుక్కలు, ఒక్కొక్క చుక్క రంగును తెలుపు అంకెలు మాత్రమే. అందు ఏ చుక్క బాటకు చెందినదో, ఏది గట్టునకు చెందినదో తేల్చుటయే సమస్య.

తొలుత శాస్త్రజ్ఞులు బాట అంచులను, దానిపై గీచిన గీతలను ఆధారముగా గొనిరి. జర్మనీలో ఆచార్య ఎర్న్‌స్ట్ డిక్‌మన్స్ బృందము నిర్మించిన బండి 1987లో, ఇతర వాహనములు లేని రహదారిపై, గంటకు 96 కిలోమీటర్ల వేగముతో తనంతట తాను నడచెను.

మఱి గీతలు లేనిచోట మార్గమేమి? 2004లో అమెరికాలోని మొహావే ఎడారిలో తోలువాడు లేని బండ్లకు పందెము పెట్టగా ఒక్కటియు గమ్యము చేరలేదు. మఱుసటి యేడు అక్టోబరు 8న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారి ‘స్టాన్లీ’ అను బండి 132 మైళ్లను ఏడు గంటలలోపుగనే దాటి గెలిచెను. లేజరు కిరణములతో అది తన ముందున్న సుమారు 20 మీటర్ల నేలను కొలిచి, చదునైన భాగమును తెలిసికొనెడిది. ఆ నేల రంగును గుర్తుంచుకొని, చిత్రములో దూరమున అట్టి రంగు ఎచ్చట నున్నదో వెదకెడిది. నేల రంగు మాఱినకొలది తన పాఠమును మార్చుకొనెడిది. ఈ విధముగా దగ్గఱి నేల దూరపు బాటను చూపెను.

అయినను రంగు ఒక్కటియే చాలదు. చెట్టునీడ బాటను నల్లపఱచును. వాననీట ఆకాశము కనబడును. అందుచే నేడు మనుష్యులు వేలకొలది చిత్రములలో బాట హద్దులను గుర్తించి యిత్తురు. వానినిచూచి, తన తప్పులను దిద్దుకొనుచు యంత్రము నేర్చుకొనును. ఇది దాని అక్షరాభ్యాసము.

ఐరోపా నగరముల చిత్రములతో మాత్రమే నేర్చిన యంత్రము మన బాటలపై తడబడును. ఇచ్చట తారు ఎచ్చట ముగిసి మన్ను ఎచ్చట మొదలగునో చెప్పుట కష్టము. ఈ లోపమును గమనించి హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇతరులతో కలిసి, హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను వాని శివార్లలోను తీసిన 10,000 చిత్రములను గుర్తులతో 2018లో వెలువరించిరి. అందు బాటకు ఒక గుర్తు. బాట కాకున్నను అవసరమైనచో బండి దిగి నడువదగిన ప్రక్క నేలకు వేఱొక గుర్తు. మన తోలువాండ్రు నిత్యము ఎఱిగినదే ఆ భేదము.

చూపని దానిని యంత్రము ఎఱుగదు. వర్షమునకు కోసుకుపోయిన అంచు, బాటపై ఆరబోసిన ధాన్యము, ఆ ప్రక్కనే కూర్చున్న మనిషి — వీనిని పోల్చుకొనలేనిచో పోవునది ప్రాణము. కావున యంత్రము చదువు పాఠములలో నగరపు వీథులతోపాటు పల్లెబాటకును చోటుండవలెను.