సేవ చేసే మనిషి ఒంటి సంగతి



ఆసుపత్రిలో రోగిని చేర్చుకోగానే "పక్కన ఎవరుంటారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మన ఇళ్లలో ఎవరూ తడుముకోరు. భార్యో, కూతురో, కోడలో అప్పటికే సంచీ సర్దుకుని ఉంటుంది. మా అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేనూ సర్దుకున్నాను. మూడేళ్లు చూసుకున్నాను. ఆవిడకు ముగ్గురు కొడుకులు. ఒక్క రాత్రి కూడా వాళ్ల వంతు రాలేదు. ఆవిడ కాస్త కదిలితే నా గుండె దడదడలాడేది. ఆవిడ నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. "నీకు ఓర్పు తక్కువ" అన్నారందరూ. నేనూ నమ్మాను.

ఇది ఓర్పుకు సంబంధించిన విషయం కాదు. ప్రమాదం ఎదురైతే మెదడు హెచ్చరిస్తుంది. అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ప్రమాదం దాటాక శరీరం కుదుటపడాలి. ఏళ్ల తరబడి రోగిని కనిపెట్టుకుని ఉండే మనిషికి ఆ కుదుటపడే వ్యవధి దొరకదు. రోగనిరోధక వ్యవస్థ మీద కూడా ఆ ప్రభావం పడుతుంది.

1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. డిమెన్షియా వచ్చిన బంధువులను చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, అదే వయసు, అదే ఆదాయం ఉండి ఆ బాధ్యత లేని 13 మందిని తీసుకున్నారు. అందరికీ చేతిమీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. బాధ్యత లేనివారికి అది మానడానికి సగటున 39 రోజులు పట్టింది. సేవ చేసేవారికి దాదాపు 49 రోజులు పట్టింది. చిన్న అధ్యయనమే. కానీ "త్యాగం" అని మనం పొగిడేదాని ఖరీదు ఎక్కడ పడుతోందో చూపించింది.

మన దేశంలో 2019లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంట్లో పిల్లలు, వృద్ధులు, రోగుల సంరక్షణ చేసేవారిలో స్త్రీలు రోజుకు 134 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 76 నిమిషాలు వెచ్చించారు. అసలు ఆ పనికి పూనుకునే పురుషులే తక్కువ.

ప్రేమ ఉన్నచోట హక్కుల మాటెందుకంటారు. మా అత్తగారంటే నాకు ప్రేమే. అయినా నాకు నిద్ర కావాలి. ఇంట్లో మగవాళ్ల వంతు, జీతంతో సెలవు, ఆసుపత్రిలో తోడున్న మనిషికి నడుం వాల్చే చోటు, రోగితోపాటు ఆమెకూ రక్తపోటు పరీక్ష - ఇవి మనం అడగాలి.

మన సంఘాల్లో మనమేం చేస్తున్నాం? మీటింగులకు రావడం మానేసిన స్త్రీకి నిబద్ధత తగ్గిందంటాం. ఆమె ఇంట్లో మంచాన పడ్డవాళ్లున్నారేమోనని ఆరా తియ్యం. ఈసారి ఆమె ఇంటికి వెళ్దాం. ఒక్క రాత్రి ఆమెను పడుకోమని, మనం మేలుకుందాం.