ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు

(మధురానగర్‌లో క్రైస్తవ ఉద్యోగులు, విద్యార్థులు కూడిన సభలో అందరి తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మధురానగర్, అమీర్‌పేట గల్లీలల్లో చర్చి గంట కంటె జిరాక్స్ మిషన్ చప్పుడే ఎక్కువ వినబడతది. జిల్లాల నుంచి వచ్చిన మన పిల్లలు హాస్టల్ గదుల్లో ఉంటూ, కోచింగ్‌లకు పోతూ, సర్టిఫికెట్లు చేతబట్టుకొని తిరిగే జాగ ఇది. అందుకే ఇవాళ మేము పరలోకం గురించి కాదు, సర్టిఫికెట్ గురించి మాట్లాడుతం.

తెలంగాణకు సర్టిఫికెట్ ముచ్చట కొత్తది కాదు. బోగస్ ముల్కీ సర్టిఫికెట్లతో మన కొలువులు పోతున్నయని 1952లో విద్యార్థులు రోడ్డెక్కిన్రు. సిటీ కాలేజీ కాడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినయి. 1985లో వచ్చిన 610 జీవో కూడా ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి వచ్చిందే. అబద్ధపు కాగితంతో ఇంకొకరి బువ్వ గుంజుకోవద్దన్నది మన ఉద్యమ నీతి. ఆ నీతి అద్దాన్నే ఇవాళ మా దిక్కు తిప్పుకుంటున్నం.

మాలో చాలామందిమి మాల, మాదిగ వాడల నుంచి వచ్చినోళ్ళం. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువు కానోడు ఎస్సీ కాడన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో కలిపిన్రు. క్రైస్తవులను, ముస్లింలను బయటనే నిలబెట్టిన్రు. మాకు బీసీ-సి పేరు మీద ఒక్క శాతం దక్కింది. బాప్తిస్మం తీసుకుంటే ఊర్లో వాడ మారలేదు, చూపు మారలేదు, కూలి మారలేదు. మారింది కాగితం ఒక్కటే!

అందుకే మా ఇండ్లల్లో ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు. ప్రార్థనలో ఒకటి, దరఖాస్తులో ఒకటి. పేతురు చలిమంట కాడ నిలబడి, పనిపిల్ల అడిగితే యేసు ఎవరో ఎరుకలేదన్నడు. మా పిల్లలు ఆఫీసు బల్ల ముందట నిలబడి అదే మాట అంటున్నరు.

ఇది అబద్ధమా? అబద్ధమే. మేము దాచం. రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేసుడేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అన్నది. కాని మేము అడిగేది ఒక్కటే. అబద్ధం చెప్పినోని తప్పు కనబడింది సరే, నిజం చెప్తే కొలువు గుంజుకునే చట్టం తప్పు కనబడదా? పాస్టరుగా ఉన్న మనిషికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కులం పేరుతో కొట్టేటోడు దెబ్బ వేసే ముందు మతం అడుగుతడా?

ఇక మా సంఘాల సంగతి. క్రీస్తులో కులం లేదని బోధిస్తం. పెండ్లి సంబంధం వస్తే మాలనా, మాదిగనా అని అడుగుతం. మన పల్లెలల్లో కులానికో చర్చి ఉన్న ఊర్లు లేవా? ఆ మాట ఈ మాట రెండూ మా నోటి నుంచే వస్తయి. మీ మతంలో కులం లేదు గద, మీకు రిజర్వేషన్ ఎందుకని సర్కారు అడిగితే, ఆ ప్రశ్నకు బలమిచ్చింది మా అబద్ధపు బోధనే. ఈ పాపం ఢిల్లీది కాదు, మాదే.

ఇంకొందరు మాది విదేశీ మతమంటరు, దేశభక్తికి సర్టిఫికెట్ అడుగుతరు. మెదక్ చర్చి చూసి రమ్మంటున్నం. కరువు కాలంలో పోస్నెట్ దొర పని పెట్టి అన్నం పెట్టిండు. 1924 డిసెంబరు 25న ఆ గుడి ప్రతిష్ఠ అయింది. ప్లాను దొరలదే కావచ్చు, రాళ్ళు మోసిన భుజాలు ఈ మట్టివే. ప్రత్యేక రాష్ట్రం అడిగిన పాపానికి మనల్ని వేర్పాటువాదులన్నరు. రాష్ట్రం అడిగినోడు దేశద్రోహి కాడని 2014 జూన్ 2 రుజువు చేసింది. ప్రార్థన చేసేటోడు పరదేశి కాడని ఇంకెన్నిసార్లు రుజువు చేయాలె?

ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టొద్దని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2009లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ను వేసిన్రు. కమిషన్లు మాకు కొత్త కాదు, తెలంగాణ వాళ్ళకు అసలే కొత్త కాదు! ఆ ఉత్తర్వులోని మతం షరతు తీసేయాలె. అందాక సంఘాలు కులాన్ని విడవాలె. నిజం చెప్పి నష్టపోయిన పిల్లల ఫీజుకు, పుస్తకాలకు సంఘం కానుక పెట్టె తెరవాలె. ధైర్యం చెప్పుడు సులువు, దాని ఖర్చు పంచుకునుడే భక్తి.

పేతురు కోడి కూసినంక ఏడ్చిండు. ప్రభువు ఆయనను విడవలేదు, మళ్ళీ పని అప్పజెప్పిండు. మేమూ మా పిల్లలను విడవం. ఒక్క పేరుతో, తలెత్తుకొని బతికే రోజు కోసం కొట్లాడుతం. ఉద్యమ మిత్రులారా, ఈ కొట్లాట మీది కూడా.

జై తెలంగాణ!