లెక్కా పత్రం తప్పని పట్టణం – డుబ్రోవ్నిక్

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీరు ఐరోపా చూసి వచ్చారు గదా, ఆ విశేషాలు పది నిముషాలు చెప్పండి" అని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. చూసినవన్నీ చెప్పడానికి పది నిముషాలు చాలవు. అందుచేత ఒక్క పట్టణం గురించే మనవి చేస్తాను. దాని పేరు డుబ్రోవ్నిక్. క్రొయేషియా దేశంలో, ఏడ్రియాటిక్ సముద్రపుటొడ్డున ఉన్నది. పూర్వం రగూసా అనేవారు. వియన్నాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మా దంపతులను అక్కడికి తీసుకువెళ్ళాడు.

పట్టణం చుట్టూ 1,940 మీటర్ల పొడవున రాతి కోటగోడ ఉన్నది. కొన్నిచోట్ల దాని ఎత్తు 25 మీటర్లు. పడమటి ద్వారం దాటగానే ఒక పెద్ద రాతి ఫౌంటెన్, దాని చుట్టూ చెక్కిన 16 ముఖాలు కనిపిస్తాయి. ఆ నోళ్ళలో నుండి నీళ్ళు పడుతుంటాయి. ఓనోఫ్రియో అనే ఇటలీ నిర్మాత సుమారు 12 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊట నుండి కాలువ కట్టి, 1438 నాటికి ఊళ్ళోకి నీరు తెచ్చాడు. అక్కడి నుండి స్ట్రాడూన్ అనే రాజవీధి మొదలవుతుంది. దానిలో పరచిన సున్నపురాతి పలకలు తరతరాల నడకకు అరిగి అద్దంలా నునుపెక్కాయి.

కోట చూస్తే ఇది మహావీరుల ఊరనిపిస్తుంది. నిజానికి ఇది వర్తకుల ఊరు. ఒక పక్క వెనిస్, మరో పక్క తురుష్క సామ్రాజ్యం. 1358లో వెనిస్ ఏలుబడి వదిలించుకున్నది మొదలు, 1808లో నెపోలియన్ సేనాని గణరాజ్యాన్ని రద్దు చేసేదాకా, 450 ఏళ్ళు తన పాలన తాను చేసుకున్నది. సుల్తానుకు ఏటా 12,500 బంగారు నాణేలు కప్పం కట్టింది గాని, ఊరిని ఆయనకు అప్పగించలేదు. ఇంత చిన్న ఊరు ఎలా నిలిచింది? నాకు తోచిన సమాధానం ఒక్కటే. అక్కడ నిబంధన గట్టిది.

పాలకుణ్ణి రెక్టర్ అనేవారు. ఆయన పదవీకాలం ఒక్క నెల. నెలనెలా ఛార్జి అప్పగింతలంటే మనలో ఎంతమంది గుండె గుభేలుమంటుందో ఊహించండి! ఆ నెల రోజులూ ఆయన ఆలుబిడ్డలను విడిచి రెక్టర్ భవనంలోనే ఉండాలి. అధికార కార్యం మీద తప్ప గడప దాటరాదు. దిగిపోయాక రెండేళ్ళ దాకా మళ్ళీ ఆ పదవికి అర్హుడు కాడు. మహాసభ మందిరానికి పోయే ద్వారం మీద లాటిన్ భాషలో ఒక వాక్యం చెక్కారు. "సొంత పనులు మరచి ప్రజల పనులు చూడండి" అని దాని భావం. అయితే ఆ సభలో కూర్చునే హక్కు కులీన కుటుంబాల మగవారికే ఉండేది. ఆ లోపమూ చెప్పుకోవాలి.

స్పోంజా భవనం ఒకప్పటి సుంకాల కచేరి. సరుకు తూచే చోట కమాను మీద కూడా శాసనం ఉన్నది. మా తూకం మోసం చేయనివ్వదు, మోసపోనివ్వదు, నేను సరుకు తూస్తుంటే దేవుడు నన్ను తూస్తున్నాడు అని దాని సారాంశం. ఎదురుగా 1418 నాటి ఓర్లాండో స్తంభం ఉన్నది. ఆ విగ్రహం మోచేతి పొడవు 51.2 సెంటీమీటర్లే ఊరందరికీ మూర కొలత. గుడ్డ కొలతలో తగవు వస్తే ఆ రాతిచేయే సాక్షి!

1377లో ప్లేగు ఉన్న చోట్ల నుండి వచ్చినవారు 30 రోజులు ఊరి వెలుపల ఉండి తీరాలని శాసించారు. మనం 2020లో అనుభవించిన క్వారంటైన్‌కు అదే తొలిరూపం. 1416లో బానిసల వ్యాపారాన్ని నిషేధించారు. 1432లో అనాథ శిశువులకు ఆశ్రమం పెట్టారు.

1667 ఏప్రిల్ 6న భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. వారిలో ఆనాటి రెక్టర్ కూడా ఉన్నాడు. స్పోంజా మాత్రం నిలిచింది. స్ట్రాడూన్ పొడవునా నేడు ఒకే తీరున కనిపించే ఇళ్ళు ఆ తర్వాత కట్టినవే. 1991 డిసెంబరు 6న యుగోస్లావ్ సైన్యం ఫిరంగులు కురిపించింది. ఆ ముట్టడిలో పాత పట్టణంలోని 824 కట్టడాలలో 68 శాతం దెబ్బతిన్నాయి. ఒక గ్రంథాలయం వేలాది పుస్తకాలతో సహా కాలిపోయింది. యునెస్కో తోడ్పాటుతో మరమ్మతులు జరిగి, 1998లో ఆ పట్టణం పేరు ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితా నుండి తొలగింది.

ఇన్ని గండాలు గడిచినా, 13వ శతాబ్దం నుండి వ్రాసిన రిజిస్టర్లు నేటికీ స్పోంజా భవనంలోని ప్రభుత్వ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. వాటిని వ్రాసిన గుమాస్తాల విగ్రహం ఊళ్ళో నాకెక్కడా కనపడలేదు. వారి దస్తూరీ మాత్రం మిగిలింది. ఈ ఊరి చరిత్ర నేడు మనకు తెలిసిందంటే ఆ దస్తూరీ వల్లనే.

"ముప్పై ఐదేళ్ళు కాగితాలు నింపాం, ఏం మిగిలింది?" అని మనవారు నిట్టూరుస్తుంటారు. తాతనాటి అడంగల్ నకలు చేతికందినప్పుడు రైతు ముఖం చూసినవారెవరూ ఆ మాట అనకూడదు.

చివరగా ఒక మనవి. మన సంఘం తొలినాళ్ళ మినిట్స్ పుస్తకాలు, దివంగతులైన సభ్యుల కుటుంబ పింఛను కాగితాల నకళ్ళు బీరువా అడుగు అరలో చెదలకు దగ్గరలో ఉన్నాయి. రేపు ఏ వితంతువైనా వచ్చి అడిగితే అవే ఆధారం. వాటిని విడదీసి, పట్టిక వ్రాసి, అట్టలు వేయడానికి సోమ, గురువారాలు ఉదయం పూట నేను కార్యాలయంలో కూర్చుంటాను. చూపు ఆనేవారు మరో నలుగురు కావాలి. టీ ఖర్చు నాది.