మా హాల్లో మృదంగం పాఠం



ఆడపిల్లకు సంగీతం చెప్పిస్తున్నామంటే నలుగురూ మెచ్చుకుంటారు. గాత్రమా, వీణా, వయొలినా అని అడుగుతారు. అదే "మృదంగం" అని చూడండి! ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత, "ఎందుకండీ పాపం, చేతులు కాయలు కాస్తాయి" అంటారు. అలా అన్నవాళ్ళలో నేనూ ఒకతెను, అదీ మా అమ్మాయితోనే. ఆ కబురే ఇవాళ మీకు చెబుతాను.

మా వీధిలో ఒక మృదంగం మాస్టారు ఉండేవారు. అద్దె ఇంట్లో పాఠాలు చెబుతుంటే చప్పుడు భరించలేమని ఇంటివారు అన్నారట. మా హాలు సాయంత్రాలు ఖాళీయే కదా అని, 2015లో మావారు ఆయన్ని మా ఇంటికి రమ్మన్నారు. మంగళవారం, శుక్రవారం, ఐదున్నర నుంచి ఏడున్నర దాకా. వచ్చేవాళ్ళు ఐదుగురు: రెండో తరగతి చదివే బుజ్జిగాడు, హైస్కూలు కుర్రాళ్ళిద్దరు, అప్పటికే కచేరీలకు వెళుతున్న కాలేజీ అబ్బాయి, బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన. ఒకే చాప, ఒకే మాస్టారు, కానీ పాఠాలు మాత్రం ఎవరివి వారివే. వంటింట్లో కూర తరుగుతూ వినడం నా వంతు.

బుజ్జిగాడికి మొదటి నెల మృదంగం ముట్టనివ్వలేదు. చేత్తో తాళం వెయ్యడం, నోటితో "త ధి తొం నం" అనడం, అంతే. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆ తర్వాత దెబ్బా చెయ్యి తిప్పడం రెండుసార్లు. వాళ్ళమ్మ గడపలో నిలబడి, "ఇంత డబ్బు పోసి వాద్యం కొన్నాం, వాయించేదెప్పుడండీ?" అనేది. మాస్టారు నవ్వి, "నోటికి రానిది వేలికి రాదమ్మా" అనేవారు. నిజమే మరి. నెల తిరిగేసరికి వాడు అన్నం తింటూ కూడా కంచం మీద లెక్క తప్పకుండా కొట్టేవాడు. తర్వాత అవే నాలుగు అక్షరాలు మృదంగం మీద నిదానంగా, దానికి రెట్టింపు, ఆ పైన మరో రెట్టింపు, మూడు కాలాల్లో నెలల తరబడి సాధన. వినే మనకు విసుగు పుడుతుంది. కానీ పునాది అక్కడే పడుతుంది.

హైస్కూలు కుర్రాళ్ళది లెక్కల పాఠం. తకిట అంటే మూడు, తకధిమి నాలుగు, తకతకిట ఐదు, తకిటతకధిమి ఏడు, తకధిమితకతకిట తొమ్మిది. ఇవే తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం. తీర్మానాన్ని మూడుసార్లు చెప్పి సరిగ్గా తాళం మొదటి దెబ్బకు దిగాలి. "తదిగిణతొం" ఐదు మాత్రలు. మూడుసార్లు అంటే పదిహేను. చేతిలో ఉన్నవి పదహారు మాత్రలైతే ఎక్కడ ఎత్తుకోవాలి? ఒక మాత్ర ఆగి ఎత్తుకోవాలి. ఇది విని నాకు నవ్వొచ్చింది. ఎనిమిదింటికి వడ్డన కావాలంటే ఏ పొయ్యి ఎప్పుడు వెలిగించాలో వెనకనుంచి లెక్క వేసుకునేవాళ్ళం మనం కామూ! ఆ కుర్రాళ్ళలో ఒకడికి బళ్ళో లెక్కలంటే భయం. ఇక్కడ మాత్రం వేళ్ళు మడిచి ఠక్కున చెప్పేవాడు.

పెద్దాయన వేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. మాస్టారు ఆయనకు వేగం జోలికి పోలేదు. పూటకు పది నిమిషాలు, అదీ మొదటి కాలంలోనే. ఆయన ఆశ ఒక్కటే, ఇంట్లో భజనకు తాళం తప్పకుండా వాయించాలని. ఆరు నెలల్లో ఆ ఆశ తీరింది. ఇక కచేరీల అబ్బాయికి వాయించడం వచ్చు; మాస్టారు అతనికి ఆగడం నేర్పేవారు. "గాయకుడు మెల్లగా పాడుతుంటే నీ చెయ్యి మెత్తబడాలి. నీ సత్తా తని ఆవర్తనంలో చూపించు, సాహిత్యం మీద కాదు" అనేవారు.

ఇదంతా వింటూ మా అమ్మాయి హాలు గుమ్మంలో కూర్చునేది. 2017లో, దానికి తొమ్మిదో ఏడు, "అమ్మా, నాకూ మృదంగం చెప్పించవూ?" అంది. "రేపు పెళ్ళివారు అడిగితే ఏం చెబుతామమ్మా? వీణ అయితే ముచ్చటగా ఉంటుంది" అన్నారు మా అత్తయ్యగారు. నేనూ తల ఊపాను. వీణ కొన్నాం. రెండేళ్ళు నేర్చుకుంది. నేర్చుకుంది అనడం కంటే కూర్చుంది అనాలి. పాఠం వేళకు కడుపునొప్పి వచ్చేది. మంగళవారం సాయంత్రం మాత్రం ఏ నొప్పీ ఉండేది కాదు!

ఒకరోజు మాస్టారు కుర్రాణ్ణి తీర్మానం అడిగితే వాడు తడబడ్డాడు. గుమ్మంలోంచి మా అమ్మాయి తొడ మీద తాళం వేస్తూ మొత్తం అప్పజెప్పేసింది. మాస్టారు నా వైపు చూసి, "ఈ పిల్ల రెండేళ్ళుగా నా దగ్గర నేర్చుకుంటోందమ్మా. మీరే జీతం ఇవ్వడం లేదు" అన్నారు. హాస్యంగానే అన్నారు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్ల కోరినదాన్ని ఎవరో ఏదో అంటారని రెండేళ్ళు ఆపినదాన్ని నేనే కదా.

ఆడవాళ్ళకు ఈ విద్య కొత్తేమీ కాదని అప్పుడు తెలుసుకున్నాను. మన ఆంధ్రదేశంలోనే నిడుమోలు సుమతిగారు మృదంగ విద్వాంసురాలు. భర్త దండమూడి రామ్మోహనరావుగారితో కలిసి జంట కచేరీలు చేశారు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. సుకన్యా రాంగోపాల్‌గారు ఘటం వాద్యంలో పేరు తెచ్చుకున్నారు. 2021లో ఆ పద్మశ్రీ వార్త పత్రికలో చూసి మా అత్తయ్యగారే కత్తిరించి దాచారు!

2019లో అమ్మాయి పాఠం మొదలైంది. మరుసటి ఏడు కరోనా వచ్చి, పాఠాలు ఫోను తెర మీదకు మారాయి. మాట ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది కనుక ఇద్దరూ కలిసి తాళం వెయ్యడం కుదరలేదు. మాస్టారు వాయించి ఆపితే, అది విని ఈ పిల్ల వాయించేది. కొత్తవాళ్ళకు మాత్రం ఎదురుగా కూర్చుని చేతివాటం దిద్దే గురువే మేలని నా అభిప్రాయం.

చెప్పించదలచిన తల్లులకు నాలుగు మాటలు. తొందరపడి వాద్యం కొనకండి. మాస్టారినే అడిగి పిల్ల ఒడ్డూ పొడుగూ చూసి కొనండి. హెచ్చు శ్రుతి మృదంగం పొట్టిగా, సుమారు ఇరవై రెండు అంగుళాలుంటుంది. తగ్గు శ్రుతిది ఇరవై నాలుగు. పనసకర్రతో చేసింది బరువుగా ఉంటుంది, చిన్నపిల్లల చేత మోయించకండి. ఎడమ వైపు తొప్పి మీద బొంబాయి రవ్వ తడిపి అద్దుతారు, గంభీరమైన నాదం కోసం. సాధన కాగానే ఆ రవ్వ గీకి తుడిచెయ్యాలి. మరిచిపోతే చీమలూ, ఎలకలూ మనకంటే ముందే వస్తాయి! కుడి వైపు నల్లని కరణి మీద తడి చెయ్యి పెట్టనివ్వకండి. వానాకాలం గోడవార చెమ్మ తగలకుండా గుడ్డ తొడిగి ఉంచండి. ఇరుగుపొరుగుతో ముందే ఒక మాట చెప్పి, వాళ్ళు పడుకునే వేళల్లో నోటి సాధన చేయించండి.

మరొక్క మాట. పరీక్షలని ఓ నెల పిల్లను మానిపించి, ఆ నెల జీతం కొయ్యబోయాను. మావారు, "మనకి పరీక్షలైతే ఆయనకి ఆకలి ఉండదా?" అన్నారు. సిగ్గుపడి పూర్తిగా పంపాను. ఇళ్ళకు వచ్చి పాఠం చెప్పేవారికి సెలవు జీతాలు ఉండవు. మన వీలు కోసం మానిన పాఠానికి కోత పెట్టడం న్యాయం కాదు.

మొన్న మా కాలనీ త్యాగరాజ ఆరాధనలో పక్కింటి పిన్నిగారు పాడితే మా అమ్మాయి మృదంగం వాయించింది. మధ్యలో ఒకచోట లెక్క తప్పింది కూడా. పిన్నిగారు చేత్తో తాళం చూపించారు, ఇది అందుకుంది. ఇంటికొచ్చాక దాని వేళ్ళు చూశాను. కాయలు కాచాయి, అబద్ధం చెప్పను. "నొప్పిగా ఉందా?" అంటే, "మంగళవారం ఎప్పుడమ్మా?" అంది.

మీ గుమ్మంలో కూడా అలా కూర్చుని వినే పిల్ల ఉందేమో, ఒక్కసారి చూడండి. సెలవు.